పెదవులు కదలని పరీక్ష

రెప్ప వేయడం తెలియని పెద్ద గుండ్రని కళ్లతో లోకాన్నంతా చూస్తూ కూర్చున్న జగన్నాథునికి ముందుగా దండం. నోరు లేనివాళ్లకు పలుకిచ్చేది నువ్వే, పలుకు ఎక్కువైనవాళ్ల నోరు మూయించేదీ నువ్వే. ఈ నాలుగు మాటలూ నా చేత రాయించు స్వామీ. ఇందులో నా గొప్ప ఎక్కడైనా దొర్లితే కొట్టెయ్యి. నా భయాన్ని మాత్రం ఉన్నదున్నట్టు ఉండనీ.

మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న గిరిసోల పక్కన తెలుగువాళ్ల ఊరు. బడిలో చదివింది ఒడియా. తెలుగు అక్షరాలు నాకు భజన మండలిలో వచ్చాయి. మండలిని నడిపించే ఆవిడను ఊరంతా పెద్దమ్మ అంటుంది. ఆవిడ ఒక చరణం అంటుంది, మేం అందుకుంటాం. తప్పు పోతే మళ్లీ అంటుంది. అలా పాటలన్నీ నోటితోనే నేర్చుకుని, నోటితోనే దాచుకున్నాం. ఊళ్లోనే ఉన్న మేనమామ కొడుకును చేసుకున్నాను కాబట్టి పెళ్లయ్యాక ఊరూ మారలేదు, మండలీ మారలేదు.

నామం మూడు రకాలని పెద్దమ్మ చెప్పేది. పైకి వినబడేది ఒకటి. పెదవులు మాత్రం కదిలేది రెండోది. పెదవి కూడా కదలకుండా లోపల నడిచేది మూడోది, అది అన్నిటికన్నా పెద్దది. నేను రెండోదాని దగ్గరే ఆగిపోయాను. రైల్లో, వంటింట్లో, పనిలో నా పెదవులు ఊరికే కదులుతూ ఉంటాయి. భయం వేస్తే మరీ ఎక్కువ. అలా కదులుతున్నట్టు నాకే తెలియదు.

నా పని బరంపురం దాటాక సముద్రం వైపున్న ఒక మొగలి భట్టీలో. వానాకాలంలో మొగలిపువ్వులు మోపులుగా వస్తాయి. వాటిని లెక్కపెట్టి కొని, రాగి పాత్రల్లో నీళ్లు పోసి కాచి, ఆవిరిలోంచి అత్తరు తీస్తారు. ఆ పువ్వుల బిల్లులు నేను రాస్తాను. పువ్వు ఉన్నన్నాళ్లే నాకు పని, పువ్వు అయిపోతే ఇంటికి.

కిందటేడు యజమాని నన్ను పిలిచాడు. ఆయన ఒడియా మనిషి, తూకం వేసినట్టు మాట్లాడతాడు.

"లెక్కలు చూసే ముసలాయన వచ్చే ఏడాది మానేస్తాడు. నువ్వు ఏదైనా యూనివర్సిటీ నుంచి అకౌంట్ల సర్టిఫికెట్టు తెచ్చుకుంటే ఆ కుర్చీ నీది. పన్నెండు నెలల జీతం. తేలేకపోతే బరంపురంలో కామర్సు చదివిన మనిషిని తెచ్చుకుంటాను. తర్వాత నన్ను ఏమీ అనకు."

"అలాగే ఆజ్ఞా," అన్నాను. ఒడియాలో అయ్యా అనడానికి అదే మాట.

మా ఆయన సూరత్‌లో, మగ్గాల మిల్లులో ఉన్నారు. ఒక గదిలో తొమ్మిదిమంది, వంతులవారీగా పడుకుంటారు. ఆ సంగతి ఫోనులో చెప్పాను. ముందు దగ్గు వినబడింది.

"నీకు ఏడాదంతా జీతమొత్తే నేను వొచ్చెత్తాను," అన్నారు చివరికి. "ఇక్కడి దూది నా వొంటికి పడ్డం నేదే."

ఆ ఒక్క మాట మీద నేను ఆన్‌లైన్ యూనివర్సిటీ కోర్సులో చేరాను. మొదటి సగం వ్యాపారం లెక్కలు బయటివాళ్లకు ఎలా చూపాలో చెప్పేది. రెండో సగం యజమాని తన నిర్ణయాల కోసం లెక్కలు ఎలా చూసుకోవాలో చెప్పేది. అంతా ఇంగ్లీషు. చెప్పే సారు ఎక్కడి మనిషో, గడియారం చూసుకుంటున్నట్టు మాట్లాడేవాడు. రైల్లో ఫోను చెవి దగ్గర పెట్టుకుని విన్నదే వినేదాన్ని. మొదటి నెల ఏమీ ఎక్కలేదు. ఎక్కడం లేదన్న భయంతో ఇంకా ఎక్కలేదు.

అప్పుడు నాకు తెలిసిన ఒక్క దారీ పట్టుకున్నాను. పాఠాన్ని భజన వరసలో కట్టేశాను. వచ్చేది డెబిట్టు, పోయేది క్రెడిట్టు. ఆస్తి ఒక వైపు, అప్పూ పెట్టుబడీ ఒక వైపు. పూసినా పూయకున్నా మారనిది స్థిర ఖర్చు, పువ్వుతో పెరిగేది చర ఖర్చు. పల్లవి నేనే, అందుకునేదీ నేనే. అంట్లు తోముతూ పాడుకుంటుంటే మా అత్త గుమ్మంలో నిలబడి వినేది.

"ఏటే కోడలా, ఈ డెబిట్టు సామి గుడి ఎక్కడే? మనం ఎప్పుడూ ఎల్లనేదు."

"బరంపురంలో ఉంది అత్తా. పరీచ్చ రోజు ఎల్తాను."

"కొబ్బరికాయ తీసుకెళ్లు మరి. ఉట్టి సేతుల్తో ఎల్లకు."

పరీక్ష కెమెరా ముందు రాయాలి. మాకు ల్యాప్‌టాప్ లేదు. బరంపురంలో ఒక కంప్యూటర్ సెంటరువాళ్లు చిన్న అద్దాల గదీ మిషనూ గంటల లెక్కన ఇచ్చారు. ముందు కెమెరా తిప్పి గది నాలుగు గోడలూ చూపించమని తెర మీద వచ్చింది. తర్వాత బల్ల కింద, తర్వాత నా చెవులు. అన్నీ చూపించాక తెర పైన ఒక మూల నా ముఖం కనబడింది. అంత చిన్నగా, అంత బెదిరిపోయి నన్ను నేనెప్పుడూ చూసుకోలేదు.

మొదటి గంట బాగానే నడిచింది. రెండో గంటలో లాభమూ నష్టమూ రెండూ లేని చోటు ఎక్కడో తేల్చమనే లెక్క వచ్చింది. దాని వరస నాకు తెలుసు. లోపల పల్లవి ఎత్తుకున్నాను. తెర మీద ఎర్ర గడి లేచింది. మాట్లాడుతున్నట్టు కనబడుతోంది, మౌనంగా ఉండమని ఇంగ్లీషులో రాసుంది.

చుట్టూ చూశాను. ఎవరూ లేరు. నేనూ మాట్లాడలేదు కదా అనుకున్నాను. భయం వేసింది. భయం వేస్తే నాకు ఏమవుతుందో చెప్పానుగా. వెంటనే రెండో గడి వచ్చింది, పెదవులు కదులుతున్నాయని. తెర మూలలో నా ముఖం చూసుకుంటే నిజంగానే కదులుతున్నాయి. జగన్నాథా జగన్నాథా అని, ఎవరో తరుముతున్నట్టు. ఆపలేక చేత్తో నోరు మూసుకున్నాను. ముఖం కప్పుకోవడం కూడా తప్పేనట. మూడో గడితో పరీక్ష మూసుకుపోయింది. తెల్లటి తెర మీద ఒక్క వాక్యం మిగిలింది. బయటి మనిషి సాయం తీసుకున్నట్టు అనుమానం ఉంది, విచారిస్తాం.

గాజు తలుపు తీసుకుని బయటకొచ్చి రైలు స్టేషనుకు నడిచాను. ఆటోలు పిలుస్తున్నా ఎక్కలేదు. కూర్చుంటే లేవలేనేమో అనిపించింది. ఇన్నేళ్లూ నన్ను కాపాడిందనుకున్న నామమే నా మీద దొంగతనం ముద్ర వేయించిందన్న ఆలోచన వచ్చి, దానికి ఇంకా భయపడిపోయాను. అలాంటి ఆలోచన చేశాక ఈ నోటితో మళ్లీ స్వామిని ఎలా పిలవాలి?

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. భట్టీలో యజమాని అడిగాడు.

"రిజల్టు?"

"ఇంకా రాలేదు ఆజ్ఞా."

అది నిజమే. కానీ అబద్ధం ఆడినదానిలా తల దించుకుని బిల్లుల పుస్తకం తెరిచాను. ఆ వారమంతా అన్నం తిన్నట్టు లేదు. సూరత్ నుంచి ఫోనొస్తే అత్తకు ఇచ్చేసి పెరట్లోకి పోయేదాన్ని.

నాలుగో రోజు యూనివర్సిటీ నుంచి మెయిలు వచ్చింది. వారంలోగా సంజాయిషీ రాయాలి. అది నమ్మేలా లేకపోతే కోర్సులోంచే తీసేస్తారు. ఆ ఫోను పట్టుకుని పెద్దమ్మ ఇంటికి పోయాను. ఆవిడ భజన తాళాలకు కొత్త తాడు కడుతోంది. మొత్తం చెప్పాను. విని, తాడు పళ్లతో బిగించి, అడిగింది.

"నిన్ను పట్టుకున్నోడు మనిషా, మిసనా?"

"మిసనే పెద్దమ్మా. తర్వాత మనుసులు సూత్తారంట."

"అయితే మనుసులికి సెప్పు. పేరు పలుకుతున్నానని రాయడానికి సిగ్గేటి?"

"నమ్ముతారా?"

"నమ్మకపోతే నువ్వు అబద్ధం రాత్తావా? అది సెప్పు ముందు."

అక్కడే కూర్చుని ఫోనులో రాశాను. నా ఇంగ్లీషు ఎంతో అంతే. నేను చిన్నప్పటి నుంచి పాడి నేర్చుకున్న మనిషినని, పాఠాలు కూడా పాటగా కట్టుకున్నానని, భయం వేసి దేవుడి పేరు తలుచుకున్నానని, గదిలో మరో మనిషి లేడని. కావాలంటే ఆ వీడియోలో నా పెదవులు చూడండి, ఒకటే మాట పదే పదే కదులుతుంది, జవాబు ఎక్కడా లేదు అని కూడా రాశాను. పంపే ముందు పెద్దమ్మకు తెలుగులో చదివి వినిపించాను.

తొమ్మిది రోజులకు జవాబు వచ్చింది. ఆ తొమ్మిది రోజులూ స్నానానికి ముందు ఒకసారి, స్నానమయ్యాక ఒకసారి మెయిలు తెరిచేదాన్ని. నేను తప్పు చేసినట్టు నమోదు చేయడం లేదు, మళ్లీ పరీక్ష రాయవచ్చు అన్నారు. నియమం మాత్రం అదే. పెదవి కదలకూడదు. మళ్లీ కదిలితే మూడో అవకాశం లేదు. పరీక్షకు ఇరవై రోజులున్నాయి.

ఈ ఇరవై రోజుల సంగతే నన్ను ఎక్కువ భయపెట్టింది. నోరు కదలకుండా లెక్క చేద్దామని కూర్చుంటే లోపల ఏమీ లేదు. వరస పోయింది, సూత్రం పోయింది. నామం కూడా రాలేదు. నోటి వెనక ఇంతకాలం ఎవరూ లేరా అనిపించింది.

మా అత్తకు చెప్పక తప్పలేదు. ఆవిడే ఒక ఉపాయం చెప్పింది. నోటి నిండా నీళ్లు పుక్కిట పట్టి లెక్కలు చెయ్యమంది. పొద్దున్నే గడప మీద చెంబు పెట్టుకుని నా ఎదురుగా కూర్చునేది.

"మింగేత్తే తప్పు. కారిపోతే రెండు తప్పులు."

నేను తల ఊపేదాన్ని.

"తలూపితే ఒకటి."

మొదటి రోజు పదిహేడు తప్పులు పడ్డాయి. నవ్వొచ్చి నీళ్లు పుస్తకం మీద పడితే, "డెబిట్టు సామికి అబిసేకం అయిపోనాది," అని లేచిపోయింది.

ఏకాదశి నాడు పెద్దమ్మ మండలివాళ్లందరినీ తాళాలు కింద పెట్టమంది. "ఇయాల పెదవి కదపకండి. ఈ గుంట కోసం లోపల పలకండి," అంది. నలభై ఏళ్లుగా మోగే ఆ గదిలో మొదటిసారి చప్పుడు లేదు. పావుగంటకు ఒక మూల నుంచి గురక వచ్చింది. ఎవరో మోచేత్తో పొడిచారు. నేను కళ్లు మూసుకుని వెతుకుతూనే ఉన్నాను. నాకు కనబడినవి సూరత్ గది, తొమ్మిది చాపలు, ఆ దగ్గు. పేరు రాలేదు.

అందరూ వెళ్లాక పెద్దమ్మతో అన్నాను, లోపల నాకు ఏమీ వినబడడం లేదని.

ఆవిడ దీపం వత్తి సర్దుతూ జగన్నాథుని పటం వైపు చూపించింది. "సూడు, ఆ కళ్లకి రెప్పలున్నాయా? నువ్వు పిలవడం ఆపేత్తే ఆయన సూడ్డం ఆపేత్తాడేటి?"

నాకు ధైర్యం రాలేదు. అబద్ధం రాయను. కానీ ఆ మాట వెంట వచ్చింది.

మొన్న అదే అద్దాల గదిలో మళ్లీ కూర్చున్నాను. నాలుగు గోడలూ చూపించాను. చెవులు చూపించాను. తెర మూలలో నా ముఖం వచ్చింది, పెదవులు కుట్టేసినట్టు. కెమెరా పక్కన వెలిగే చిన్న దీపానికి కూడా రెప్ప లేదు. దాని వైపు చూడకుండా ప్రశ్నల మీదే కళ్లు పెట్టాను. ముందరి ప్రశ్నలు చాలా వరకు అయిపోయాయి. మళ్లీ ఆ లాభనష్టాలు లేని చోటు లెక్కే వచ్చింది. ఈసారి కుర్చీలు చేసే ఫ్యాక్టరీ. స్థిర ఖర్చు లక్షా ఇరవై వేలు. కుర్చీ అమ్మకం ఐదు వందలు, ఒక్కో దానికి ఖర్చు మూడు వందలు. సూత్రం కోసం వెతికితే వరస రాలేదు. పెదవి అదిరింది. నాలుకను పళ్ల కింద పెట్టి నొక్కాను. రక్తం రుచి తగిలింది.

సూత్రం రాకపోతే రాకపోనీ అని భట్టీ గుర్తు చేసుకున్నాను. పువ్వు ఒక్కటి రాకపోయినా భట్టీ అద్దె అద్దెలాగే ఉంటుంది. వచ్చిన ప్రతి పువ్వూ తన ఖర్చు పోగా కొంచెం అద్దె మోస్తుంది. ఇక్కడ ఒక్కో కుర్చీ రెండు వందలు మోస్తుంది. లక్షా ఇరవై వేలు మోయడానికి ఆరు వందల కుర్చీలు కావాలి. రాసేశాను. ఎర్ర గడి లేవలేదు. చివరి దాకా లేవలేదు. సమయం అయిపోయి తెర దానంతట అదే మూసుకుంటే, మళ్లీ పట్టుబడ్డాననుకుని కొంతసేపు కదల్లేదు.

నేను నామం పలికానా అంటే, లేదు. ఆ రెండు గంటలూ ఒక్కసారి కూడా పలకలేదు. చిన్నప్పటి నుంచి అంతసేపు పలకకుండా ఉండడం అదే మొదలు. వదిలేసినట్టు మాత్రం అనిపించలేదు. అది మూడో రకమో కాదో పెద్దమ్మను ఇంకా అడగలేదు. కాదంటుందేమోనని భయం.

ఫలితం వచ్చే సోమవారం అన్నారు. కొన్ని ప్రశ్నలు తప్పు పోయాయని తెలుసు. ఎన్నో తెలియదు. యజమాని కామర్సు చదివిన ఒకాయనతో మాట్లాడి ఉంచాడని భట్టీలో విన్నాను. మా ఆయన నిన్న ఫోను చేసి రైలు టికెట్టు ఇప్పుడే తీసుకోనా, ఆగనా అని అడిగారు. ఆగండి అన్నాను. ఆ మాట అన్నప్పటి నుంచి నా పెదవులు మళ్లీ కదులుతూనే ఉన్నాయి, ఆపడం లేదు.

ఇది చదువుతున్న అమ్మలారా, అయ్యలారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగి నాతో కలిసి ఆయన్ను తలుచుకోండి. ఆ దగ్గే మనిషి ఇల్లు చేరాలని, నాకు రావలసింది ఏదైనా దాన్ని చూసే బలం ఇవ్వమని అడగండి. మీకు ఏ పేరు అలవాటో ఆ పేరుతోనే పిలవండి. పైకి పలికినా సరే, పెదవులు కదిపినా సరే. మీ ముందు కెమెరా లేదు. చూసేవాడు ఒక్కడే, ఆయన ఎర్ర గడి లేపడు.