తేటనీటి కింద ఎర్రనీరు

1979 వానాకాలానికి ముందు నన్ను ఎమ్మిగనూరు సెక్షన్‌కు జూనియర్ ఇంజనీరుగా వేశారు. నందవరం దారిలోని ఒక నిల్వ చెరువు నా బాధ్యత. కాలువ నీటిని తూము ద్వారా అందులోకి వదిలి, అవతలి చివర, పైనొకటి కిందొకటి గేట్లున్న బావి నుంచి పంపుతో నేతగాళ్ళ వీధులకు ఇచ్చేవాళ్ళం.

కాలువకు కొత్తనీళ్ళు వచ్చిన కొన్నాళ్ళకు నాగప్ప అనే నేతగాడు ఆఫీసుకు వచ్చాడు. కొళాయి నీటిలో నానబెట్టిన తెల్లనూలు మట్టిరంగు పడుతోందన్నాడు. అది ఆదోని వ్యాపారి ఇచ్చిన నూలు. చెడిపోతే అతను ఇంకోసారి ఇవ్వడు, మగ్గాలు ఆగిపోతాయి. గ్లాసులో పట్టి చూస్తే నీళ్ళు కాస్త మసకగా ఉన్నాయి, అంతే. నాగప్పను కట్ట మీదికి తీసుకెళ్ళి చెరువు చూపించాను. తేటగా ఉంది. నూలు నానబెట్టే మీ గాబులే సరిగా కడగలేదేమో అన్నాను. అతను ఇంటికి వెళ్ళి, ఆ కోపం భార్య ఈరమ్మ మీద చూపించాడట.

తర్వాత ఈరమ్మే వచ్చింది. "సారూ, గాబు తోమి తోమి నా సేతులు అరిగినాయి. నూలు మాత్రం ఎర్రగానే వస్తాంది. ఇంగ మాకు రంగు కొనే పని ల్యాకుండా సేసినారు" అంది.

ఆమె వెళ్ళగానే తూము దగ్గరికి వెళ్ళాను. ఎర్రనీరు కొంతదూరం వచ్చి, గీత గీసినట్టు ఆగిపోయేది. మట్టి అక్కడే దిగిపోతోందని అంతవరకూ నమ్మాను. ఆ రోజు, గీతకు అవతల తేటనీటి మీది గడ్డిపోచలు తూము వైపుకే జరుగుతూ కనిపించాయి. పైనీరు వెనక్కి వస్తోందంటే, ఎర్రనీరు గీత దగ్గర మునిగి, కిందుగా ముందుకు పోతూ దాన్ని గీత వైపుకు లాక్కుంటోందన్నమాట. మట్టి కలిసిన నీరు బరువు. తేటనీటి కిందికి దూరి, చెరువు అడుగు వాలు వెంట పాకుతుంది. దీన్ని డెన్సిటీ కరెంట్ అంటారు. పరీక్షకు చదివినదే, మార్కులూ వచ్చాయి.

సీసాకు రాయి కట్టి, బిరడాకు వేరే దారం కట్టి, బావి పక్కన అడుగుదాకా దించి బిరడా లాగాను. ఎర్రనీరు వచ్చింది. పంపుకు నీరందించే గేటు సరిగ్గా ఆ మట్టంలోనే ఉంది.

వెంటనే కింది గేటు మూసి పైగేటు తెరిపించాను. తర్వాత డిప్యూటీ ఇంజనీరు అనుమతితో తూము కింద రాళ్ళు పరిచిన గుంత కట్టించాం. దూకే నీరు ఆ రాళ్ళ మీద సుడులు తిరిగి తన ఉధృతిని అక్కడే పోగొట్టుకుంటుంది. వేగం చచ్చిన నీరు మట్టిని చాలావరకు వదిలేస్తుంది. మట్టి వదిలితే అడుగున పాకే బలమూ తగ్గుతుంది.

గేటు మార్చిన మర్నాడే నాగప్ప ఇంటికి వెళ్ళి, తప్పు గాబులది కాదు, నాదేనని ఇద్దరి ముందూ చెప్పాను.

"నాకెందుకు సెప్తావు సారూ? తోమినదాన్ని, నాకు తెల్దా? ఆ మగ్గంలో కూసున్న అప్పకు సెప్పు. రెండుసార్లు సెప్పు, ఒగ సెవి మందం" అంది ఈరమ్మ.

"ఇనపడింది లేమ్మే" అని నాగప్ప మగ్గంలోంచే నవ్వాడు. మరకపడిన నూలుకు వాళ్ళు ముదురు ఎరుపు వేసి నేశారు. వ్యాపారి కాదనలేదు.

తర్వాత ఆలూరులో, ఆదోనిలో పనిచేశాను. ఏ నిల్వ చెరువులోనైనా పైన, మధ్యన, అడుగున నీరు తీసి చూడనిదే బాగుందని చెప్పలేదు. నీటి విషయంలో నా అంచనా తప్పితే గేటు మార్చి దిద్దుకోవచ్చు. చూడకుండా ఒకరి పని మీద వేసిన తప్పును మాత్రం, నాకు కనబడని ఇంట్లో ఇంకొకరు మోస్తారు.