రోడ్డుకు కనబడిన పేరు

కరోనా తగ్గిన తర్వాత వచ్చిన రెండో ఎండాకాలంలో నన్ను జనగామ నుంచి మహబూబాబాద్‌కు బదిలీ చేశారు. హోదా జిల్లా నెట్‌వర్క్ ఇంజినీర్. పేరు పెద్దదే. పని మాత్రం కార్యాలయాల్లో ఇంటర్నెట్ ఆగకుండా చూడటం, ఆగితే తిట్లు తినడం. రఘునాథపల్లిలోని ఇంటి నుంచి రోజూ రైల్లో వెళ్లివచ్చేవాణ్ణి. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషిని ఆ ఎండల్లో అంత దూరం తిప్పినవాళ్ల మీద నాకిప్పటికీ కోపమే.

చేరిన కొత్తలోనే ఒక ఇంట్లో నెట్ బాగుచేసే పని వచ్చింది. ఇంట్లో దెబ్బలు భరించలేక బయటపడ్డ ఆడవాళ్లు తలదాచుకునే ఇల్లు అది. నడిపేది ఒక స్వచ్ఛంద సంస్థ, ఇంటర్నెట్ ఇచ్చింది మా శాఖ. గేటుకు బోర్డు లేదు. ఇల్లు ఎక్కడుందో నాక్కూడా వీధి మొదట్లోకి వచ్చాకే ఫోన్లో చెప్పారు. చెప్పినామె రజియా, అక్కడి కౌన్సెలర్.

ఆమె కుర్చీ వేసి ముందుగా సంగతి చెప్పారు. గూడూరు వైపు నుంచి వచ్చిన ఒకామె ఆ పొద్దున పదకొండింటికి కోర్టుకు వీడియోలో వాంగ్మూలం ఇవ్వాలి. వీడియో కుదరకపోతే మనిషే కోర్టుకు వెళ్లాలి. భర్త, అతని అన్నదమ్ములు కోర్టు గేటు దగ్గర కాచుకొని కూర్చున్నారని వకీలు అప్పటికే ఫోన్ చేశాడు. వీడియో జరగాల్సిన ల్యాప్‌టాప్‌లో వైఫై రావడం లేదు. ఆ గూడూరామె గుమ్మం పక్కన గోడకానుకొని కూర్చుని మమ్మల్నే చూస్తోంది.

నా సంచిలో మామూలు ల్యాప్‌టాప్ ఉంది, దాంతో కానిద్దామన్నాను. రజియా గారు ఒప్పుకోలేదు.

“వద్దు సార్. పోయినేడు ఒకామె ఫోన్ల లొకేషన్ పట్టుకొని ఆమె మొగడు సీదా గేటు కాడికే వచ్చిండు. గప్పుడు ఇల్లే మార్చినం. గప్పటి సంది కోర్టు పనికి ఈ ఒక్కటి తప్ప వేరేది ముట్టం.”

ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నది భద్రతనే ముఖ్యంగా పెట్టుకొని తయారుచేసిన ఆపరేటింగ్ సిస్టమ్. హైదరాబాద్ నుంచి రజియా గారి స్నేహితురాలు వచ్చి కొత్తగా వేసి వెళ్లిందట. అలాంటి సిస్టమ్ మనం చెప్పనిదే ఏదీ తెరవదు. వైర్‌లెస్ కార్డు పనిచేయాలంటే దాన్ని తయారుచేసినవాళ్లిచ్చే చిన్న ప్రోగ్రాం ఒకటి కావాలి. దాన్ని మేం ఫర్మ్‌వేర్ అంటాం. లైసెన్సు ఇబ్బందుల వల్ల అది సిస్టమ్‌తో పాటు రాదు, ఇంటర్నెట్ నుంచి తెచ్చుకోవాలి. ఇంటర్నెట్ కావాలంటే కార్డు పనిచేయాలి, కార్డు పనిచేయాలంటే ఇంటర్నెట్ కావాలి. కేబుల్ పెడదామంటే ఆ పల్చటి ల్యాప్‌టాప్‌కు కేబుల్ సాకెట్టే లేదు. తయారుచేసినవాణ్ణి మనసులో నాలుగు మాటలనుకున్నాను.

దారి ఒకటుంది. ఫోన్‌ను చార్జింగ్ వైరుతో ల్యాప్‌టాప్‌కు కలిపితే ఫోన్లోని ఇంటర్నెట్ వైరు మీదుగా దిగుతుంది. కానీ నా పాత ఫోన్ వైఫైని అలా దింపలేదు, సిమ్ ఇంటర్నెట్‌నే దింపుతుంది; ఆ ఇంట్లో సిమ్‌కు సిగ్నల్ లేదు, డాబా మీదే వస్తుంది. వాంగ్మూలం డాబా మీద పెట్టుకోలేం, చుట్టుపక్కల డాబాలన్నీ చూస్తుంటాయి. ఫర్మ్‌వేర్ వరకు తెచ్చుకోవచ్చు. ల్యాప్‌టాప్, ఫోన్, తలమీద తువ్వాలతో పైకి ఎక్కాను. ఒక ఆదేశం టైపు చేస్తే సిస్టమే తనకు కావాల్సిన ఫైలును వెతికి, అది అసలైనదేనని చెప్పే డిజిటల్ సంతకం సరిచూసుకొని తెచ్చుకుంది. కిందికి వచ్చి కార్డును లేపాను. లేచింది.

తర్వాతి పని, చుట్టూ ఏ నెట్‌వర్కులు అందుతున్నాయో చూడటం. మామూలు కంప్యూటర్లు దీన్ని బొమ్మల్లో చూపిస్తాయి. ఇది నల్లటి తెర మీద వరుసగా పేర్లు రాస్తుంది. రజియా గారు నా భుజం మీదుగా చూస్తున్నారు. అన్నిటికంటే పైన ఆ ఆశ్రయ గృహం పేరు, దాని పక్కన ఊరి పేరు పూర్తిగా ఉన్నాయి.

ఆఫీసు పేరు, ఊరి పేరు కలిపి వైఫైకి పెట్టడం మా శాఖ నియమం. తనిఖీకి వచ్చినవాడికి సులువు. రౌటర్ బిగించిన కాంట్రాక్టరు మనిషి నియమం ప్రకారమే పెట్టి వెళ్లాడు. సిబ్బంది ఫోన్లన్నీ ఆ వైఫైకి ఎప్పుడో కలిసిపోయాయి కాబట్టి ఆ పేరును ఎవరూ పట్టించుకోలేదు.

“సార్, గిది రోడ్డు మీదికి గూడ కనబడ్తదా?” అని అడిగారు రజియా గారు.

కనబడుతుందన్నాను. ఈ గృహం పేరు కోర్టు కాగితాల్లో ఉంది, అడ్రసే లేదు. ఆ పేరు తెలిసినవాడు ఫోన్ పట్టుకొని ఈ వీధిలో నడిస్తే చాలు. ఆమె మంచం మీద కూలబడ్డారు.

టైం తక్కువుంది, ముందు వాంగ్మూలం కానిచ్చి తర్వాత పేరు మారుద్దామన్నాను.

“వాళ్లు కోర్టు కాడ ఇసిగిపోయి గిటు దిక్కు వస్తే ఎట్ల సార్? ముందుగాల పేరు తీయున్రి.”

ఆమె చెప్పిందే సరి. రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లాను. ఏ పేరు పెట్టాలని అది అడుగుతోంది. ఏవో నాలుగు అంకెలు వేద్దామని నేనంటుంటే, అప్పటిదాకా నోరు తెరవని గూడూరామె మాట్లాడింది.

“మా బర్రె పేరు పెట్టున్రి. లచ్చి.”

“మీ ఆయన చూస్తే గుర్తువట్టడా?” అన్నారు రజియా గారు.

“ఆయనకేం ఎరుక మేడం? లచ్చి అని నేను పిలుసుకునుడే. ఏనాడన్న దానికి ఇంత గడ్డి ఏసిండా?”

రజియా గారు ఆ పొద్దున మొదటిసారి నవ్వారు. ఆమె కూడా నవ్వి, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “దాన్ని గూడ ఇడిసిపెట్టే వచ్చిన” అంది.

లచ్చి అనే పెట్టాను. రౌటర్ ఆగి లేచింది, ల్యాప్‌టాప్ కలిసింది. ఈ సిస్టమ్‌లో కెమెరా, మైకు కూడా మనం అనుమతి ఇచ్చేదాకా నల్లటి బొమ్మ, నిశ్శబ్దమే పంపుతాయి. ఆ రెండు అనుమతులూ ఇచ్చాను. తెర మీద కోర్టు గది కనబడగానే లేచి తలుపు దగ్గరికి వేసి బయటికి వచ్చాను. ఆమె చెప్పే మాటలు నేను వినాల్సినవి కావు.

రోడ్డు మీద టీ బండి పక్కన నిలబడి ఫోన్ తీసి చూశాను. ఒక కిరాణా దుకాణం, ఒక ట్యూషన్ సెంటరు, ఎవరివో ఇంటిపేర్లు, వాటి నడుమ లచ్చి. పాత పేరు లేదు. టీ తాగుతూ మళ్లీ మళ్లీ చూశాను. వాంగ్మూలం అయిపోయిందని రజియా గారు వచ్చి చెప్పేదాకా అక్కడే ఉన్నాను. గూడూరామెకు కోర్టు మెట్లు ఎక్కాల్సిన అవసరం రాలేదు.

భూపాలపల్లిలో ఇలాంటి ఇల్లే ఉందని తెలిసి తర్వాతి వారం అక్కడికి వెళ్లాను. అక్కడా నియమం ప్రకారమే ఉంది, మార్చి వచ్చాను. ఇలాంటి ఇళ్లకు నియమం నుంచి మినహాయింపు కావాలని పైకి రాశాను. జవాబు రాకముందే రిటైరయ్యాను.

ఆ పనిలో నేర్చుకున్నది ఒక్కటే. ల్యాప్‌టాప్‌కు ఎన్ని తాళాలున్నా, ఇంటి సంగతి ఇంట్లో కూర్చుంటే తెలియదు. రిటైరయ్యేదాకా ఎక్కడ వైఫై పెట్టినా ముందు రోడ్డు మీదికి వెళ్లి, బయటి మనిషికి ఏం కనబడుతుందో చూశాకే పని అయిందని సంతకం చేశాను.

ఆ గూడూరామె పేరు నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆమె బర్రె పేరు మాత్రమే నాకు తెలుసు.