మెట్ల మీద ఆకు బస్తాలు

మేం కిరాయికుంటున్న మేడ నుంచి కిందికి దిగడానికి దారి ఒక్కటే. రెండు గోడల మధ్య ఇరుకుగా దిగి, సగంలో ఒక మలుపు తిరిగి, వీధిలోకి తెరుచుకునే మెట్లు. మలుపు దగ్గర గోడకు కరెంటు మీటరు, ఫ్యూజులు. మెట్లకు కిటికీ లేదు కాబట్టి పగలైనా లైటు వేసుకునే దిగాలి. పైన మా గదుల కిటికీలకు కోతులు రాకుండా ఇనుప గ్రిల్లులు గోడలోకి పాతేశారు. కింద మొత్తం ఒకటే గోడౌను. దాన్ని మా ఇంటి ఓనరు బీడీ ఆకు కాంట్రాక్టరుకిచ్చారు.

మా ఆయనకు బ్యాంకులో భద్రాచలం ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు ఇల్లు వెతుకుతుంటే అందరూ చెప్పింది గోదావరి గురించే. నీళ్లు ఏ వీధి దాకా వస్తాయి, ఏ మెట్టు దాకా వస్తాయి, అవే లెక్కలు. మేడ మీద దొరికిందనగానే ఇక భయం లేదన్నారు. వైరా నుంచి అమ్మ వచ్చి చూసి, వంటింట్లో పాలు పొంగించి, ఎత్తు మీద ఉన్నావు, నిశ్చింతగా పడుకోవచ్చని చెప్పి వెళ్లింది. ఈ ఊళ్లో క్షేమమంటే పైకెక్కడం. వాన జోరు పట్టిందంటే బియ్యం పైకి, పరుపులు పైకి, ముసలివాళ్లు పైకి, మేకపిల్లలు కూడా పైకి. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను.

మేం వచ్చిన ఏడాది శ్రావణంలో గోదావరి పెరుగుతోందని మైకులో చెప్పారు. మధ్యాహ్నం మెట్ల మీద ధబ్ ధబ్ మని చప్పుడు వినిపిస్తే తలుపు తీశాను. హమాలీలు గోడౌనులోంచి ఆకు బస్తాలు తెచ్చి మెట్ల మీద పేరుస్తున్నారు. ఒక పక్కగా, కింది నుంచి మా గుమ్మం దాకా. మలుపు దగ్గరైతే పైకప్పు దాకా. మీటరు కనబడటం లేదు. గోడౌను వాచ్‌మన్ కింద నిలబడి, బీడీ తాగుతూ ఎలా పెట్టాలో చెబుతున్నాడు.

ఎండిన తునికాకు, అదే ఈ బీడీ ఆకు, ఎలా కాలుతుందో నేను ఆ ఎండాకాలమే చూశాను. దుమ్ముగూడెం వైపు ఒక పెళ్లికి వెళ్లి వస్తుంటే రోడ్డు పక్క ఆకు ఆరబోసిన కల్లం అంటుకుంది. బస్సు ఆపేశారు. ముందు పొగ వచ్చింది. పసుపు పచ్చగా, నేలకు అంటిపెట్టుకుని వచ్చే పొగ. ఆకు ఏరిన కోయ ఆడవాళ్లు దూరంగా నిలబడి చూస్తున్నారు, ఎవరూ అరవడం లేదు. బస్సు అద్దాలు మూసినా నా ఒళ్లో ఉన్న మా పాప దగ్గింది. మళ్లీ బస్సు కదిలేసరికి కల్లం లేదు, నల్లటి నేల ఉంది.

అందుకే ఆ మధ్యాహ్నం పాపను చంకనేసుకుని మెట్ల పైనుంచే వాచ్‌మన్‌ని అడిగాను, ఇవి ఇక్కడెందుకని.

"ఏం గాదమ్మ. ఏటా గిట్లనే పెడ్తం. నీళ్లు తగ్గంగనే దించుతం" అన్నాడు. నన్ను చూసి బీడీ కాలి కింద నలిపేశాడు. నా మీద మర్యాదతో ఆర్పాడు కానీ, ఆకు బస్తాలున్నాయని కాదు.

ఓనరు మంచివాడే. వాళ్ల నాన్న హయాంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి సత్తుపల్లి దగ్గర భూములు కొన్నారు. ఇక్కడ వ్యాపారం. మా ఇంటికి మిరపకాయలు, గోంగూర పంపుతుంటారు. నేను బాబాయిగారూ అని పిలుస్తాను. ఆయన దగ్గరికి వెళ్లి, మాకు దిగే దారి అదొక్కటే, దాన్నిండా ఎండుటాకు పెడితే ఎలాగని అడిగాను. ఆయన విసుక్కోలేదు. కాంట్రాక్టరు సరుకు తడిస్తే మాట పడాల్సింది తనేనన్నారు.

"నువ్వు చదువుకున్నదానివి కదమ్మా. మెట్ల మీద సరుకు పెట్టకూడదని ఎక్కడన్నా రాసుంటే పట్టుకొచ్చి చూపించు. మర్నాడే తీయించేస్తాను" అన్నారు.

ఆయన మాటవరసకు అన్నారేమో. నేను మాత్రం ఆ మాటే పట్టుకున్నాను. రాసి ఉండే ఉంటుందని నా నమ్మకం. బస్టాండులో చార్జీల బోర్డు గోడకు వేలాడుతుంది, ఎవరైనా చదువుకోవచ్చు. మనుషులు మంటల్లో చిక్కుకోకుండా ఇల్లెలా కట్టాలో, ఎలా ఉంచాలో చెప్పే నియమం కూడా అలాగే ఎక్కడో ఒకచోట అందరికీ కనబడేలా ఉంటుందనుకున్నాను.

పంచాయతీ ఆఫీసులో గుమాస్తా ప్లానులో మెట్లు ఉన్నాయా లేవా అని మాత్రమే చూస్తామన్నాడు. అలాంటి నియమాల పుస్తకం ఇంజనీరు దగ్గరుండాలట, ఇంజనీరేమో ఖమ్మంలో. పాపను ఎత్తుకుని ఫైరాఫీసుకు వెళ్లాను. అక్కడి ఆఫీసరు కుర్చీ వేయించి, బీరువాలోంచి ఆ నియమాల సైక్లోస్టైల్ కాగితాల కట్ట తీసి ఇచ్చాడు. కాపీకి కాపీ తీసి, దానికి మళ్లీ కాపీ తీసినట్టున్నాయి. అక్షరాల పొట్టల్లో ఇంకు నిండిపోయింది. మెట్ల వెడల్పు రాసిన చోట ఆ అంకె మూడో ఎనిమిదో తెలియలేదు. ఆయన కూడా కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి చూసి, తనకూ తెలియడం లేదన్నాడు. అసలు పుస్తకం హైదరాబాదులో అమ్ముతారు, తమ స్టేషనుకు కొనే పద్దు లేదన్నాడు. మంటలార్పేవాళ్ల దగ్గరే ఆ పుస్తకం లేదంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మా తమ్ముడు హైదరాబాదులో చదువుతున్నాడు. వాడికి ఉత్తరం రాశాను. మొత్తం పుస్తకం కొనాలంటే మా ఆయన జీతంలో చెప్పుకోదగ్గ భాగం పోతుంది. విడి భాగాలుగా కూడా అమ్ముతారట. అగ్ని ప్రమాదాల భాగం ఒక్కటి కొన్నాడు. అదే మా నెల కిరాయి కన్నా ఎక్కువ. దసరాకు వచ్చినప్పుడు తెచ్చి ఇచ్చాడు. పల్చటి పుస్తకం. మా ఆయన చేతిలోకి తీసుకుని బరువు చూశారు. "ఇంత పెడితే రెండు కిలోల నెయ్యి అన్న వచ్చేది" అని తిరిగిచ్చారు.

పాపను పడుకోబెట్టాక దాన్ని ముందేసుకుని కూర్చునేదాన్ని. కాగితం న్యూస్‌ప్రింటులా ఉంది. ఒకచోట కొన్ని పేజీలు రెండుసార్లు పడ్డాయి, వాటి తర్వాత రావాల్సినవి లేవు. వెనక అట్టలో సవరణ చీటీలు పెట్టారు. ఫలానా పేరాలో ఫలానా మాటకు బదులు ఇది చదువుకోవాలని. వాటిని మనమే కత్తిరించి అంటించుకోవాలని అమ్మేవాడు చెప్పాడట. అన్నం మెతుకులతో అంటించాను. అంటించాక చూస్తే ఒక చీటీ మిగిలింది, అది పుస్తకంలో లేని పేజీది.

నేను బీఎస్సీ చదివాను. ఇంగ్లీషు నాకు కొత్త కాదు. కానీ ఆ పుస్తకంలో ఏ వాక్యమూ దానంతట అది పూర్తి కాదు. తలుపుల సంగతి చెబుతూ, వివరాలకు ఫలానా నంబరు చూడమంటుంది. కరెంటు తీగలకు ఇంకో నంబరు. సరుకు నిల్వకు మరొకటి. ప్రతి నంబరూ ఒక పుస్తకం, ప్రతి పుస్తకానికీ ఒక ధర. ఒక గదిలోకి వెళ్తే లోపల ఇంకో తలుపు, దానికి తాళం. ఆ పుస్తకం చదవడం కూడా మా మెట్లు దిగినట్టే ఉండేది.

అయినా నాకు కావలసింది దొరికింది. మనుషులున్నంతసేపూ బయటికి వెళ్లే దారిలో ఏ సరుకూ ఉంచకూడదని అర్థం వచ్చే వాక్యం. దాని కింద పెన్సిల్‌తో గీత గీశాను. చలికాలమంతా, ఎండాకాలమంతా నాకు ఆ గీత ధైర్యం. వానలు రానీ, చూపిస్తాను అనుకున్నాను.

వానలు వచ్చాయి. ఈ ఏడు గోదావరి ఇంకా తొందరగా పెరిగింది. బస్తాలు మళ్లీ మెట్లెక్కాయి. ఈసారి ఆకు బాగా పడిందట, రెండు పక్కలా పేర్చారు. మధ్యలో ఒక మనిషి పక్కకు తిరిగి దిగేంత సందు. నేను పుస్తకం పట్టుకుని ఓనరు దగ్గరికి వెళ్లాను. ఆయన నన్ను కూర్చోమని, కాంట్రాక్టరు దగ్గర లెక్కలు రాసే పెద్దమనిషిని పిలిపించారు. ఆయనకు ఇంగ్లీషు వచ్చు.

ఆయన నేను గీత గీసిన పేజీ చూడనే లేదు. ముందుకు తిప్పి, మొదటి పేజీ మీద వేలు పెట్టాడు. ఇందులో చాలా నియమాలు ఎత్తయిన భవనాలకు. అదీ పంచాయతీ తీర్మానం చేసుకుంటేనే. లేదంటే ఇది సలహా మాత్రమేనన్నాడు. నేను ఆ పేజీ చదవలేదని కాదు. చదివాను. అది మాకు వర్తించదని నమ్మబుద్ధి కాలేదు. నా పాప ఊపిరితిత్తులకు మేడ ఎత్తుతో ఏం పని?

"అంటే పాటించకపోతే అడిగేవాడు లేడన్న మాట" అన్నారు ఓనరు. ఎగతాళిగా కాదు, నిజంగా ఆశ్చర్యపోతూ. "మరి అంత ధర పెట్టి ఎందుకమ్మా అమ్మడం?"

పాపను పెట్టుకుని భయమేస్తోంది బాబాయిగారూ అన్నాను. ఆయన నెమ్మదిగా చెప్పారు.

"చూడమ్మా, నీళ్లు వాకిట్లోకొచ్చాయి, కళ్లతో చూస్తున్నాం. నిప్పు నీ పుస్తకంలో ఉంది. నేను దేన్ని చూసుకోను చెప్పు?"

ఆ సాయంత్రం వైరా వెళ్లిపోతానని పెట్టె సర్దాను. రోడ్డు మీదికి నీళ్లొచ్చాయని బస్సులు ఆపేశారు. నాలుగు రోజులు ఓపిక పట్టలేవా అన్నారు మా ఆయన. "గోదారి కన్న నువ్వే ఎక్కువ భయపెడుతున్నవ్" అని కూడా అన్నారు. ఆయనకు భయం లేదని కాదు. ఆ భయంతో ఏం చేయాలో తెలియక అది నా మీద పెట్టారు. ఈ నీళ్లలో ఇంకో ఇల్లు ఎక్కడ దొరుకుతుంది?

మర్నాడు ఆయన బ్యాంకుకు వెళ్లాక నాకు ఒకటి తోచింది. బస్తాలు ఎలాగూ కదలవు. నేనైనా దిగడం నేర్చుకోవాలి. పొగలో కళ్లు కనబడవు కాబట్టి లైటు తీసేసి, పాపను ఎడమ చంకన పెట్టుకుని, కుడి చెయ్యి బస్తాల మీద ఆనిస్తూ పక్కకు తిరిగి దిగడం మొదలుపెట్టాను. గోనె గరుకుగా తగులుతోంది. ఆకు వాసన గొంతులోకి వస్తోంది. పాపకు అదొక ఆట, కిచకిచ నవ్వుతోంది. మలుపు దగ్గర ఒక బస్తా ముందుకు జరిగి ఉంది, నా భుజం ఇరుక్కుంది. పాపను తల మీదికి ఎత్తి దాటాను. కిందికి వచ్చేసరికి చెమటతో జాకెట్టు తడిసిపోయింది. అయినా వచ్చాను. రాగలను అనుకున్నాను.

మెట్ల కింద వీధి వైపు మడత గేటు ఉంది. పగలు దాన్ని ఎప్పుడూ వేయరు. అది మూసి ఉంది. తాళం వేసి ఉంది.

కాసేపు నాకు అర్థం కాలేదు. తాళం పట్టుకుని లాగాను. ఎదురుగా ఇడ్లీలమ్మే ఆమె, మోకాలి దాకా చీర ఎగ్గట్టుకుని నీళ్లలోనే పొయ్యి బల్ల మీదికెత్తుకుంటూ నన్ను చూసి నవ్వింది. "ఏందక్క, జైల్ల పెట్టిన్రా? వాచ్‌మన్ తినపోయిండు. సరుకు పైన ఉన్నన్ని రోజులు తాళమేసే పోతడు." నాకు తెలియదా అన్నట్టు అంది.

నిరుడు కూడా వేశాడన్న మాట. నేనేమో ఏడాదంతా పైన కూర్చుని పెన్సిల్‌తో గీతలు గీసుకున్నాను.

ఎప్పుడైనా ఇల్లు కాలితే అని కాక, ఇప్పుడే కాలుతున్నట్టుగా మొదటిసారి భయం వేసింది. పైకి వెళ్లబుద్ధి కాలేదు. ఆఖరి మెట్టు మీద పాపను ఒళ్లో పెట్టుకుని గేటు ఊచలకు ఆనుకుని కూర్చున్నాను. వాచ్‌మన్ వచ్చి తాళం తీశాక కూడా లేవలేదు. తాళం చెవి ఒకటి నాకిస్తే కానీ లేవనన్నాను. నా చేతులల్ల లేదమ్మ, కాంట్రాక్టరు సేటు తిడతడు అని బతిమాలాడు. లోపల కూర్చున్నది నేను, బయట చేతులు కట్టుకుని నిలబడ్డది అతను. వీధిలో సామాన్లు మోసుకుపోయేవాళ్లు ఆగి చూడటం మొదలుపెట్టారు. ఎవరో ఓనరుకు చెప్పారు.

ఆయన గొడుగు పట్టుకుని నీళ్లలో వచ్చారు. "ఏంటమ్మా ఇది, నలుగురూ చూస్తున్నారు. లే, పైకి పద."

"తాళం చెవి ఇవ్వండి బాబాయిగారూ, వెళ్తాను."

"సరుకు పోతే?"

"నేను దొంగనా?"

ఆయన చుట్టూ చూశారు. పుస్తకం చేయలేని పని ఆ నలుగురి చూపులు చేశాయి. మొలతాడుకున్న గుత్తిలోంచి ఒక చెవి తీసి, నా చేతిలో పెట్టకుండా పాప చేతిలో పెట్టారు. మలుపు దగ్గర ముందుకొచ్చిన బస్తా ఒక్కటి వాచ్‌మన్ చేత వెనక్కి నెట్టించారు. మిగతావి కదలవమ్మా అన్నారు. కదల్లేదు. గోదావరి తగ్గేదాకా అక్కడే ఉన్నాయి. వచ్చే ఏడు మళ్లీ వస్తాయి.

సాయంత్రం మా ఆయనకు సంగతి ముందే తెలిసిపోయింది. బజారున పడి కూర్చున్నావట అన్నారు. అన్నం తింటూ, అద్దెకున్నవాళ్లకు గేటు తాళం చెవి ఇవ్వాలని నీ పుస్తకంలో ఉందా అని అడిగారు. తాళాల సంగతి వేరే నంబరులో ఉంటుంది, అది మనం కొనలేదన్నాను. ఆయన నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. చెయ్యి కడుక్కుని వచ్చి, ఏదీ, ఆ తాళం చెవి నా దగ్గర ఉండనీ, నువ్వు ఎక్కడో పడేస్తావు అని చెయ్యి చాపారు.

ఇవ్వలేదు.