గడప దగ్గర ఆగే తాత

మా గుడియాత్తం నేత వీధిలో ఒక మిలిటరీ తాత ఉండేవారు. వయసులో ఉండగా మన సైన్యంతో శ్రీలంకకు పోయి వచ్చిన మనిషి. కాఫీకి మనమే పిలిచినా సరే, గడప బయట ఆగి, "లోపలికి రావచ్చునా తల్లీ?" అని అడిగేవారు. రమ్మన్నాకే అడుగు పెట్టేవారు.

ఒక మధ్యాహ్నం పక్కింట్లో మగ్గం చప్పుడు ఆగి, దెబ్బల చప్పుడు మొదలైంది. తాగొచ్చిన మొగుడు పెళ్ళాన్ని బాదుతున్నాడు. నేను పరుగున పోయి తాతను పిలుచుకొచ్చాను. తలుపు తెరిచే ఉంది. అయినా ఆయన గడప దగ్గర ఆగిపోయి, "అమ్మా, రమ్మంటావా?" అన్నారు.

లోపలినుంచి దెబ్బల చప్పుడే వినబడింది. నేను ఆయన చొక్కా పట్టి లాగాను.

"ఇంకా అడిగేదేముండాది? చంపేస్తాడు, లోపలికి పో తాతా!"

"ఆయమ్మే పిలవాల."

అప్పుడు సన్నగా వినబడింది, "రా మామా!" అని. ఆయన దూసుకుపోయి, మొగుడి చేతిలో కట్టె లాక్కుని, ఆమెను బయటికి తెచ్చారు.

సాయంత్రం తాత మా ఇంటి ముందు తిన్నె మీద కూర్చుని చెప్పారు. "కాపాడతామనే లంకలో దిగినాం. మొదట అక్కడి జనం మాకు దండలేసినారు. తర్వాత, పిలవని ఇండ్లలో గూడా తుపాకులతో దూరినాం. మమ్మల్ని చూసి బిడ్డలు మంచాల కింద దాక్కున్నారమ్మా."

"మరి ఆమెకు గొంతు పెగలకపోయుంటే?" అన్నాను.

తాత పక్కింటి గడప వైపు చూశారు. "నా భయమూ అదే," అన్నారు.

ఇప్పుడు టీవీలో ఏదో దేశం సైన్యం ఇంకో దేశాన్ని కాపాడను దిగిందంటే, నాకు తాత ఆగిన గడప గుర్తొస్తుంది. లోపలినుంచి ఎవరన్నా పిలిచారా, పిలవలేకపోయారా అని చెవులు రిక్కిస్తాను. టీవీలో తుపాకుల మోతే వినిపిస్తుంది.