ప్రింటర్‌లో పసుపు బియ్యం

మొన్న ఆదివారం, పొద్దున సరిగ్గా పదకొండు గంటలకు, అటక మీద నుంచి దింపిన పాత ప్రింటర్‌ను మా మనవరాలు తలకిందులు చేసి దులిపితే, లోపలి నుంచి పసుపు అంటిన బియ్యం గింజలు రాలాయి. “ఏందవ్వా, గిండ్ల బగార అన్నం వండిన్రా?” అని అది పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నా ఈడు ఆడవాళ్ళకు చెబితే అర్థమవుతుంది. శామీర్‌పేట దగ్గర మా ఇంటి చుట్టూ నిలువెత్తు గోడ, దానికొక ఇనుప గేటు. అది దాటాలంటే మా ఆయన్ను అడగాలి, ఆయన లేకపోతే అత్తమ్మను అడగాలి. తొంభైల్లో పెద్దవాళ్ళకు చదువు చెప్పేవాళ్ళు వస్తే, పక్కింటి అరుగే కదా అని పంపారు గనక నలభై దాటాక నాకు అక్షరాలు వచ్చాయి. కుట్టుపని అంతకుముందే వచ్చు. గేటుకు ‘ఇచ్చట జాకెట్లు కుట్టబడును’ అని కాగితం అంటించాలని, నేను బయటికి పోకపోయినా నలుగురు ఆడవాళ్ళు ఆ గేటు తెరుచుకుని నా దగ్గరికి రావాలని ఒకటే కోరిక పుట్టింది. చేత్తో రాస్తానంటే, వంకర అక్షరాలు పెట్టి ఇజ్జత్ తీస్తావా అన్నాడు మా ఆయన.

రెండువేలు దాటాక మా కొడుకు ప్లాట్ల దందాలో దిగి, నక్షాలు, అంటే ప్లాట్ల పటాలు, తీయడానికి కంప్యూటరూ ప్రింటరూ తెచ్చాడు. దాంట్లో నా కాగితం అచ్చు తీయిస్తానని బతిమాలగా బతిమాలగా మా ఆయన మెత్తబడి, మంచిరోజు, దసరా నాడు పూజ అయ్యాక తీసుకొమ్మన్నాడు. ఆయుధ పూజలో ట్రాక్టరుకూ, కుట్టు మిషనుకూ, ప్రింటరుకూ బొట్లు పెట్టి, దండలు వేసి, అక్షింతలు చల్లాం. కొత్తదని ప్రింటరు మీద మరో గుప్పెడు ఎక్కువే పడ్డాయి. వెంటనే నా కాగితం పెడితే, ముందురోజు దాకా గడగడా నడిచిన మిషను సగం మింగి, గుర్రుమని ఆగిపోయింది.

“పండుగ నాడు మిషనే వద్దంటాంది, ఇగ నీకెందుకే జిద్దు?” అన్నాడు మా ఆయన. అత్తమ్మ లెంపలేసుకుంది. బాగుచేయిస్తానని కొడుకు అంటే, అపశకునమైనదాన్ని మళ్ళీ ముట్టొద్దని, మా ఆయనే పాత చీరలో చుట్టించి అటకెక్కించాడు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మాను. దేవుడే వద్దంటే ఎవరితో కొట్లాడేది? కుట్టు మిషనుకు మూత వేసి దాని మీద మడతబట్టలు పెట్టుకున్నాను. అయినా గేటు చప్పుడైనప్పుడల్లా చాలా ఏళ్ళు తల తిప్పి చూశాను. వచ్చింది ఎప్పుడూ పాలవాడే.

మొన్న మనవరాలు, కాగితం పోయే దారిలో ఇరుక్కున్న గింజలన్నీ ఏరేసి, ఎండిపోయిన ఇంకును గోరువెచ్చని నీళ్ళ గుడ్డతో తుడిచి, సాయంత్రానికి కొత్త ఇంకు డబ్బా తెచ్చి వేసి, “చెప్పవ్వా, ఏం కొట్టాలె?” అంది. చెప్పాను. కాగితం నున్నగా బయటికి వచ్చింది. కూడబలుక్కోకుండా చదువుకున్నాను.

ఇప్పుడు ఆ గోడా గేటూ రోడ్డు వెడల్పులో పోయాయి. మనవరాలు గుండ్లపోచంపల్లిలో ఉద్యోగానికి బండి మీద పోతుంది. ఎవరినీ అడగదు, చెప్పి పోతుంది, అంతే. నాకు సూదిలో దారం ఎక్కించే చూపు లేదు. కాగితం దిండు కింద పెట్టుకున్నాను.

ఆ దసరా నాడు ప్రింటరు చుట్టూ నిలబడింది మా ఆయన, అత్తమ్మ, కొడుకు, కొత్తగా కాపురానికొచ్చిన కోడలు, నేను. అందరి చేతులకూ అక్షింతల పసుపు ఉంది.