తాళాలక్క ఇల్లు ఖాళీ చేయించిన వైనం

ఊళ్లో ఎవరి తాళం మొండికేసినా పరుగెత్తేది ఆమె కొట్టుకే. అసలు పేరెవరికీ గుర్తులేదు, పిల్లా పెద్దా అందరికీ ఆమె తాళాలక్క. నోరు మంచిది కాదంటారు. నిజమే, కాదు. ఆ నోరే లేకపోతే మొగుడు పోయాక ఆ బజార్లో ఒంటరి ఆడదాన్ని కొట్టు నడపనిచ్చేవారా?

ఆమెకో పట్టింపుంది. తలుపు వెనక మనిషుంటే ఆ మనిషే నోరు తెరిచి తీయమనాలి. బయట నిలబడి ఎంతటి పెద్దమనిషి చెప్పినా చెయ్యి వేయదు. ఒకాయన, అలిగి గదికి తాళం వేసుకుని కూర్చున్న పెళ్లాం కోసం ఆమెను తీసుకెళ్లాడు. లోపలినుంచి ఆవిడ వద్దంది. తాళాలక్క పనిముట్ల సంచి భుజాన వేసుకుని, "బతిమాలుకోండి బాబూ, అది నా పని కాదు" అని వచ్చేసింది.

ఆమె కాపురం కొట్టు పైగదిలో, ఇనప నిచ్చెనెక్కితే తప్ప చేరలేని చోట. సొంతిల్లు లేక కాదు. మొగుడూ తనూ కూడబెట్టి కట్టుకున్న ఇల్లు పక్కవీధిలోనే ఉంది. ఆయన పోయిన కొత్తలో అందులో ఒక్కతీ ఉండలేక, పాత కార్లు కొని అమ్మే బ్రోకరుకి అద్దెకిచ్చింది. ఏళ్లు గడిచాయి, మోకాళ్లు అరిగాయి. ఒకరోజు నిచ్చెన మీద కాలు జారి కింద పడింది. కట్టు కట్టిన డాక్టరు, "ఇంకోసారి ఎక్కావంటే మళ్లీ నడవలేవమ్మా" అని చెప్పేశాడు.

బ్రోకరు దగ్గరికెళ్లి ఇల్లు ఖాళీ చేయమంది.

"పైగది హాయిగా ఉంటుంది కదక్కా! మంచి గాలి."

"అయితే నువ్వే వచ్చి పీల్చుకో నాయనా ఆ గాలి!"

నవ్వాడు. ఏడాది తర్వాత అడిగినా అదే నవ్వు. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"నీకు చిటికెలో పని కదే. వాళ్లు లేనప్పుడు తాళం తీసి సామాను రోడ్డున పడేద్దాం" అన్నాడు తమ్ముడు.

"నోర్ముయ్! నా ఇంట్లోకి నేను దొంగలా దూరాలా? పట్టపగలు, అందరూ చూస్తుండగా వెళ్తాను."

కోర్టుకెక్కింది. అబ్బో, ఆ వాయిదాలు! బ్రోకరు ఒకసారి జ్వరమన్నాడు, ఒకసారి వకీలు మారాడన్నాడు. వాయిదా ఉన్న ప్రతిరోజూ ఈమె కొట్టు మూసి, కర్ర పట్టుకుని కోర్టు వరండాలో కూర్చునేది. చివరికి గెలిచింది; వాడు పై కోర్టుకెళ్తే అక్కడా ఆమే గెలిచింది. ఇల్లు స్వాధీనం చేయమని, అవసరమైతే తాళం తీయించమని ఆర్డరొచ్చింది.

ఆ ఉదయం ఆర్డరు అమలు చేయడానికి కోర్టు అమీనా, వెంట పోలీసులు వచ్చారు. తమ్ముడూ వచ్చాడు. వీధి తలుపుకి బయట తాళం వేలాడుతోంది.

"నీకంటే తాళం తీసేవాళ్లెవరమ్మా ఈ ఊళ్లో? కానివ్వు" అన్నాడు అమీనా.

ఆమె సంచి దించి తాళం పట్టుకుంది. లోపల ఎవరో దగ్గారు.

"ఎవరది?"

"ఈ ఇంట్లో ఉండేవాడి అమ్మని. వాడు తాళం వేసి పోయాడు. ఎవరొచ్చినా నోరెత్తొద్దన్నాడు" అంది ముసలిగొంతు.

బ్రోకరు ఎత్తు అందరికీ అర్థమైంది. ముసలావిడ లోపలుంటే అమీనా జంకి వెనక్కిపోతాడు, ఈలోగా తను మళ్లీ ఏదో స్టే తెచ్చుకుంటాడు. కానీ అమీనా జంకలేదు.

"లోపలెవరున్నా ఆర్డరు ఆర్డరే. తీయమ్మా."

తాళాలక్క చేయి ఆగిపోయింది. ఇవాళ తప్పితే మళ్లీ ఆ వరండాయే, మళ్లీ ఆ నిచ్చెనే.

"ఇక్కడ కూడానా నీ చాదస్తం!" తమ్ముడు తల పట్టుకున్నాడు.

"ఊరందరికీ ఒక పద్ధతీ, నా ఇంటికొక పద్ధతీనా? నోరుమూసుకుని నిలబడు." తలుపుకి దగ్గరగా జరిగింది. "పెద్దమ్మా, ఈ ఇల్లు నాది. తాళం తీస్తే నువ్వు ఇల్లు వదిలి పోవాల్సిందే, దాచి అడగను. తీయమంటావా?"

లోపల మంచం కిర్రుమంది. అడుగులు నెమ్మదిగా తలుపు దాకా వచ్చాయి.

"నా కూతురికి ఫోన్ చేసి రమ్మంటావా?"

"ఇప్పుడే చేయిస్తా."

"అయితే తీయి. కన్నకొడుకు నన్ను సామానులో కలిపి తాళం పెట్టిపోయాడు. తీయవే తల్లీ!"

తాళం ఊడింది. ముసలావిడ గోడ పట్టుకుని తనంతట తనే బయటికొచ్చి అరుగు మీద కూర్చుంది. తాళాలక్క అన్నమాట ప్రకారం తమ్ముడి చేత ఫోన్ చేయించింది. సామాను బయటికి చేరుతుండగా బ్రోకరు బండి మీద ఊడిపడ్డాడు.

"చూడండయ్యా! ముసలిదాన్ని, మా అమ్మని, రోడ్డుకీడ్చారు!"

"ఎవరూ ఈడ్వలేదురా. లోపల పెట్టి తాళం వేసింది నువ్వు, తీయమన్నది నేను" అంది తల్లి.

కూతురు ఆటో వేసుకొచ్చి తల్లిని తీసుకెళ్లింది. అమీనా సంతకాలు చేయించుకుని ఇల్లు స్వాధీనం చేశాడు. తాళాలక్క కర్ర గుమ్మం పక్కన ఆనించి, ఒక్క మెట్టూ ఎక్కకుండా నేరుగా ముందుగదిలోకి నడిచింది. అక్కడ కుర్చీ కూడా మిగల్లేదు. గది మధ్య నేలమీదే కూలబడింది. కళ్లనిండా నీళ్లొచ్చాయి, తుడుచుకోలేదు.

బ్రోకరు ఉక్రోషం ఆపుకోలేక కిటికీ దగ్గరికొచ్చాడు. "ఒక్కదానివి! ఇంతింట్లో ఏం చేసుకుంటావే?"

"కాళ్లు చాపుకుంటా!" అని అరిచింది తాళాలక్క. ఆ రెండు మోకాళ్లనూ చేతులతో పట్టుకుని, ఒక్కొక్కటే, గది పొడుగునా చాపుకుంది.