టైరు కింద మొద్దు

ముడిమ్యాల శాంసన్ జీపును ఆపాలంటే ఇద్దరు కావాలి. పెడల్ తొక్కడానికి ఒకరు, కిందికి దిగి టైరు కింద చెక్క మొద్దు పెట్టడానికి ఒకరు. తొక్కేది శాంసన్, దిగేది అతని భార్య ప్రేమజ్యోతి. బురదకు భయపడి ఆటోలు వెనుదిరిగే పొలాల బాటల్లోంచి టమాటా డబ్బాలు తెచ్చి చేవెళ్ల మార్కెట్‌లో దించడమే వాళ్ల బతుకుతెరువు. ఆ ముసలి జీపు ఎక్కమంటే ఎంత గట్టయినా ఎక్కేది. ఆగమంటేనే దానికి కోపం. పెడల్‌ను మళ్లీ మళ్లీ కొడితే గానీ బ్రేకు పట్టేది కాదు. ఆగినా ఏటవాలులో జారేది. హ్యాండ్ బ్రేకు ఉందన్న పేరే గానీ పట్టి చచ్చేది కాదు. బాగు చేయించమని ఎవరైనా అంటే, "మా ఇంటామె ఉండంగ నాకేం ఫికర్" అనేవాడు. అతని పిసినారితనానికి ఊరంతా నవ్వేది, ప్రేమజ్యోతి కూడా.

మొన్నటి వానాకాలంలో జ్వరంతో దవాఖానలో చేరిన ప్రేమజ్యోతి మళ్లీ ఇంటికి రాలేదు. శాంసన్ ఏడవలేదు. సమాధి దగ్గర పాస్టర్ ప్రార్థన చేస్తుంటే చెప్పులకంటిన బురదను చూస్తూ నిలబడ్డాడు. గుండె రాయి చేసుకున్నాడని కొందరన్నారు, మొదటినుంచీ ఆ మనిషి అంతేనని కొందరన్నారు. అతనికైతే ఏమీ అనిపించలేదు. పెట్టింది తిన్నాడు, అందులో ఉప్పుందో లేదో తెలియలేదు. జీపు వాకిట్లోంచి కదలలేదు.

షాబాద్‌లో ఉండే కూతురు ఎస్తేర్ వచ్చి తెగేసి చెప్పింది. పక్కన దిగే మనిషి లేకుండా ఆ బండి తోలితే ఏదో ఒకరోజు ఎవరి ప్రాణమో తీస్తాడు, కాబట్టి పాత ఇనుముకు అమ్మాలి, లేదంటే బ్రేకులు మార్పించాలి. అమ్మేస్తే అతనికి చేతనైన పని ఇంకొకటి లేదని ఆమెకూ తెలుసు. శాంసన్ సరేనన్నాడు. దేనికి సరేనన్నాడో ఆమె మళ్లీ అడగాల్సి వచ్చింది.

జీపును డీసీఎం వ్యాను ఎక్కించి మొయినాబాద్‌లో పాత జీపులు బాగుచేసే రాజమౌళి దగ్గరికి తీసుకుపోయారు. అతను ముందు చక్రాలకు పాత డ్రమ్ము బ్రేకులు తీసేసి డిస్కు బ్రేకులు బిగించాడు, కాలికి శ్రమ లేకుండా బూస్టర్ పెట్టాడు, హ్యాండ్ బ్రేకుకు కొత్త కేబుల్ వేశాడు. శాంసన్ స్టూలు మీద కూర్చుని చూశాడు. చాయ్ ఇస్తే తాగాడు. తన జీపు భాగాలన్నీ విప్పి పరిచినా ఉలుకూ పలుకూ లేదు.

పని అయ్యాక రాజమౌళి పక్కన కూర్చుని, ఎత్తుగా ఉన్న రోడ్డు చూపించి ఎక్కించమన్నాడు. సగం ఎక్కాక ఆపమన్నాడు. శాంసన్ అలవాటుగా గట్టిగా కొట్టిన మొదటి దెబ్బకే జీపు నిలిచిపోయింది. రాజమౌళి ముందుకు తూలి, మురిసిపోయి, హ్యాండ్ బ్రేకు లాగి కాలు తియ్యమన్నాడు.

శాంసన్ హ్యాండ్ బ్రేకు లాగాడు. కాలు తియ్యలేదు.

"తియ్యన్నా, జారదు. ఇగ ఎవ్వలు దిగే పని లేదు."

శాంసన్ అద్దంలోంచి వెనక టైరు వైపు చూస్తున్నాడు. మొద్దు సరిగ్గా కూర్చున్నాక ప్రేమజ్యోతి బండిని అరచేత్తో తట్టేది. ఆ చప్పుడు వినకుండా కాలు తీస్తే ఆమె వేళ్లు నలిగిపోతాయి. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అతను ముందే తియ్యలేదు.

"జర ఆగు తమ్మీ," అన్నాడు. "కింద ఆమె చెయ్యి ఉంటది."

తన నోటి మాట తనకే వినబడ్డాక శాంసన్‌కు ఏడుపొచ్చింది. వెనక బండ్లు హారన్లు కొడుతున్నా అతని కాలు పెడల్ మీదే ఉంది.